ప్రాజెక్టుకు పేరు పెట్టేది ఎవరు?



రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడు వచ్చి, "అమ్మా, రేపే ప్రాజెక్టు ఇవ్వాలి" అంటాడు. మనం హడావుడిగా చార్టు కొంటాం, బొమ్మలు అంటిస్తాం. పైన స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో 'కాలుష్యం' అని మనమే రాసేస్తాం. మర్నాడు టీచరు "ఈ ప్రాజెక్టులో నువ్వేం తెలుసుకున్నావు?" అని అడిగితే పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు. చార్టు బాగానే ఉంటుంది, కానీ అందులో వాడి మాట ఒక్కటీ ఉండదు.

శీర్షిక అంటే అలంకారం కాదు. "లోపల ఇది ఉంది" అని చదివేవారికి ఇచ్చే మాట. అందుకే వ్యాసానికైనా, ప్రాజెక్టుకైనా పేరు పెట్టడం పిల్లలకు నేర్పాల్సిన పని. వాళ్ల బదులు మనం చేయాల్సిన పని కాదు.

మంచి పేరు ఎలా ఉంటుంది?

మన పేటనే తీసుకుందాం. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి 'ప్రేమ' అనో 'జీవితం' అనో పేరు పెట్టి ఉంటే వందలో ఒకటిగా పోయేది. ఉత్తరం కవరు మీద రాసే చిరునామానే పేరుగా పెట్టారు. ఇది ఎక్కడి కథో, ఎవరి కథో రెండు మాటల్లో తెలిసిపోయింది.

గురజాడ వారు తమ నాటకానికి గిరీశం పేరు గానీ మధురవాణి పేరు గానీ పెట్టలేదు. తాను ఏ దురాచారం మీద రాశారో దాని పేరే, 'కన్యాశుల్కం' అని పెట్టారు. విశాఖలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' మరో రకం. ఆ పేరు ఎందుకు పెట్టారో కథ చివరికి వచ్చాకే మనసుకు తగులుతుంది. కథకు అలాంటి పేరు అందం. ప్రాజెక్టుకు మాత్రం విషయం ముందే తెలియజేసే పేరే మేలు.

చేసినంతే చెప్పాలి

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు తమ డాబా మీద రోజూ ఒక తెల్ల కాగితం పెట్టి, దాని మీద ఎంత దుమ్ము పడుతోందో వారం రోజులు చూసిందనుకోండి. దానికి ఏ పేరు పెట్టాలి?

'కాలుష్యం': మరీ పెద్దది. ఏ కాలుష్యమో, ఎక్కడో తెలియదు.

'విశాఖ నగరంలో వాయు కాలుష్యం': చూసింది ఒక్క డాబా, చెప్పింది నగరమంతా.

'ఓడరేవు వల్ల మా ఇంటికి వస్తున్న దుమ్ము': వినడానికి గట్టిగా ఉంది. కానీ ఆ దుమ్ము ఓడరేవుదో, రోడ్డుదో, పక్కన కడుతున్న ఇంటిదో ఆ అమ్మాయి తేల్చలేదు కదా!

'మా డాబా మీద వారం రోజుల్లో పడిన దుమ్ము': ఇది సరైన పేరు. చిన్నదే, కానీ నిజం.

చేసినదానికంటే ఎక్కువ చెప్పకపోవడం సైన్సులో మొదటి పాఠం. పిల్లలు దాన్ని శీర్షిక దగ్గరే నేర్చుకోవచ్చు.

మరికొన్ని ఉదాహరణలు

'నీటి వృథా' బదులు: 'మా వీధి కుళాయి నుంచి గంటలో ఎన్ని బిందెల నీరు పోతోంది?'

'హుద్‌హుద్ తుఫాను' బదులు: 'మా అమ్మమ్మ చెప్పిన హుద్‌హుద్'. 2014 అక్టోబరు 12న ఏం జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాస్తే, ఆ ప్రాజెక్టు ఇంకెవరి దగ్గరా దొరకదు.

'కంచరపాలెం చరిత్ర' బదులు: 'కంచరపాలెంలో కంచర పని తెలిసినవాళ్లు ఉన్నారా?' కంచరి అంటే కంచు, ఇత్తడి పాత్రలు చేసే పనివాడు. పేరులోనే ప్రశ్న ఉంది కాబట్టి పిల్లవాడు జవాబు వెతుక్కుంటూ వీధిలోకి వెళ్తాడు.

ఇంట్లో ఇలా చేయించండి

1. మొదట పెన్సిలుతో ఏదో ఒక పేరు రాసుకోనివ్వండి. పని పూర్తయ్యాక, రాసింది చదువుకుని అసలు పేరు పెట్టమనండి.

2. మూడు ప్రశ్నలు అడగండి: దేని గురించి? ఎక్కడ, లేదా ఎవరిది? నువ్వు ఏం అడిగావు, ఏం కనుక్కున్నావు? ఈ జవాబుల్లోనే శీర్షిక దొరుకుతుంది.

3. 'గురించి', 'ఒక పరిశీలన', 'నా ప్రాజెక్టు' వంటి మాటలు తీసేసి చూడమనండి. అర్థం చెడకపోతే అవి అక్కర్లేదు.

4. ఇంగ్లిషు పేరును మాటకు మాట తెలుగులోకి మార్చనివ్వకండి. బామ్మకు ఎలా చెబుతాడో అలా రాయమనండి.

5. పేరు మాత్రమే బామ్మకు చదివి వినిపించి, "లోపల ఏముంటుంది?" అని అడగమనండి. ఆమె చెప్పింది లోపల ఉంటే పేరు కుదిరినట్టే.

ఒక జాగ్రత్త: పరీక్షలో వ్యాసానికి విషయం ఇచ్చినప్పుడు ఇచ్చిన పేరే రాయాలి, మార్చకూడదు. పేరా ఇచ్చి "తగిన శీర్షిక పెట్టండి" అన్నప్పుడు మాత్రం, అందులో మొదటి వాక్యాన్ని ఎత్తి రాయకుండా, పేరా మొత్తానికి సరిపోయే రెండు మూడు మాటలు ఎంచుకోవాలి.

ఈ ఆదివారం పది నిమిషాలు

పిల్లల పాత ప్రాజెక్టు ఒకటి బయటకు తీయండి. పేరు మూసేసి, "ఇందులో నువ్వేం చేశావు?" అని అడగండి. వాళ్లు చెప్పే మాటల్ని దిద్దకుండా అలాగే కాగితం మీద రాయండి. ఆ మాటల్లోంచి కొత్త పేరు వాళ్లనే ఏరుకోనివ్వండి. అది మీరు పెట్టగలిగినంత అందంగా ఉండకపోవచ్చు. అయినా ఉండనివ్వండి. మర్నాడు టీచరు అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పేది, ఆ పేరు తానే పెట్టుకున్న పిల్ల.