మీట నొక్కినా పని కాకపోతే?

మీట నొక్కినా బల్బు వెలగలేదనుకోండి. మీరేం చేస్తారు? మీటను పదిసార్లు పైకీ కిందికీ ఆడిస్తే లాభం లేదని మీకు తెలుసు. ముందు పక్కగదిలో దీపం వెలుగుతున్నదేమో చూస్తారు. వెలుగుతూంటే కరెంటు ఉన్నదన్నమాట. తర్వాత బల్బు మార్చి చూస్తారు. అప్పటికీ వెలగకపోతే ఫ్యూజును అనుమానించాలి, ఆ తర్వాత తీగను. మీటకూ బల్బుకూ మధ్య ఒక దారి ఉన్నది. అది ఎక్కడో తెగింది. ఎక్కడ తెగిందో కనుక్కోవడమే అసలు పని.

కంప్యూటరు తెరమీది 'ఇన్‌స్టాల్' మీట కూడా ఇలాంటిదే. లినక్స్‌తో నడిచే కంప్యూటరులో కొత్త ప్రోగ్రాము కావాలంటే సాఫ్ట్‌వేర్ దుకాణం అనే కిటికీ తెరిచి, ప్రోగ్రాము బొమ్మ పక్కనున్న మీట నొక్కుతాం. ఒక పట్టీ ఎడమనుంచి కుడికి నిండుతుంది. అది పూర్తిగా నిండితే పని అయినట్లే. కాని ఒక్కోసారి పట్టీ సగంలో ఆగిపోతుంది. లేదా 'ఇన్‌స్టాల్ చేయడం సాధ్యం కాలేదు' అన్న ఒక్క వాక్యం మాత్రం కనిపిస్తుంది. అప్పుడేం చేయాలి? అది తెలియాలంటే మీట వెనుక ఏం జరుగుతుందో ముందు తెలియాలి.

మీట వెనుక పనివాళ్లు

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. 1993లో మొదలైన డెబియన్, దాని ఆధారంగా 2004లో వెలువడిన ఉబుంటు వాటిలో ప్రసిద్ధమైనవి. వీటిలో ప్రోగ్రాములు 'డెబ్' ప్యాకేజీల రూపంలో, అంటే మూటలుగా కట్టి ఉంటాయి. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే రకాల మూటలు కూడా ఉన్నాయి. మనం ఇక్కడ డెబ్ మూటల సంగతే చూద్దాం.

దుకాణం కిటికీ నిజానికి మూట విప్పదు. అది మన కోరికను లోపలికి చేరవేస్తుంది, అంతే. లోపల ముఖ్యమైన పనివాళ్లు ఇద్దరు. ఒకరి పేరు ఆప్ట్. ఏయే మూటలు కావాలో లెక్క వేసి, ఇంటర్నెట్‌లోని గిడ్డంగి నుంచి తెప్పించేది ఇదే. రెండో పనివాడి పేరు డీపీకేజీ. ఇది మూట విప్పి సామాను సర్దుతుంది.

వీళ్లిద్దరూ ఆరు పనులు వరుసగా చేయాలి. మొదటిది, గిడ్డంగిలో ఏమేమి ఉన్నాయో తెలిపే జాబితా చూడడం. రెండోది, మనం కోరిన ప్రోగ్రాముకు తోడుగా ఇంకా ఏ మూటలు కావాలో లెక్క కట్టడం. మూడోది, వాటిని దించుకోవడం. నాలుగోది, దారిలో చెడిపోలేదనీ ఎవరూ మార్చలేదనీ సరిచూడడం. ఐదోది, విప్పి సర్దడం. ఆరోది, పని చేయడానికి తగినట్లు అమర్చడం. ఈ ఆరింటిలో ఏ ఒక్కటి తప్పినా తెరమీద కనిపించేది ఆ ఒక్క వాక్యమే. జ్వరం ఒకటే అయినా దానికి కారణాలు అనేకం గదా!

ఎక్కడ తెగింది?

ముందు తేలికైన పరీక్షలు చేద్దాం. ఇంటర్నెట్‌లో వేరే పేజీ ఏదైనా తెరుచుకుంటున్నదా? తెరుచుకుంటూంటే మొదటి అనుమానం తీరినట్లే. వివరాల్లో '404' అనే అంకె కనిపించిందా? అడిగిన వస్తువు అడిగిన చోట లేదని దాని అర్థం. మన దగ్గరి జాబితా పాతబడినప్పుడు ఇలా జరుగుతుంది. గిడ్డంగిలో కొత్త మూట వచ్చి, పాతది తీసేసి ఉంటారు. జాబితాను తాజాపరిస్తే సరిపోతుంది.

తర్వాత కంప్యూటరు గడియారం చూడండి. ప్రోగ్రాముకూ గడియారానికీ ఏమిటి సంబంధం అంటారా? జాబితా మీద అది ఏ రోజున తయారైందో రాసి ఉంటుంది. పాత కంప్యూటర్లలో గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే తేదీ కొన్నేళ్లు వెనక్కు పోతుంది. అప్పుడు ఈనాటి జాబితా కంప్యూటరుకు రేపటి జాబితాలాగా కనిపిస్తుంది. 'ఇది ఇంకా చెల్లదు' అని దాన్ని తిప్పికొడుతుంది. తేదీ సరిచేస్తే చిక్కు విడిపోతుంది.

మూడో అనుమానం, చోటు. టెర్మినల్ అనే కిటికీ తెరిచి 'డీఎఫ్ -హెచ్' అని టైపు చేస్తే, డిస్కులో ఏ భాగం ఎంత నిండిందో శాతాల్లో కనిపిస్తుంది. (ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇక్కడ వాటి ఉచ్చారణ మాత్రం ఇస్తున్నాం.) ఏటవాలు గీత ఒక్కటే ఉన్న వరుసలో 100 శాతం కనిపిస్తే మూట విప్పడానికి చోటు లేదన్నమాట.

నాలుగో అనుమానం, జాతి. ఇంటెల్, ఏఎండీ చిప్పులున్న ఈనాటి కంప్యూటర్లకు కట్టిన మూటల మీద 'ఏఎండీ64' అని ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై వంటి వాటిలో ఉండేది ఆర్మ్ జాతి చిప్పు. ఒక జాతికి కట్టిన మూట మరో జాతికి పనికిరాదు. ఎక్కడినుంచో మూటను నేరుగా దించుకున్నప్పుడు ఈ పొరపాటు జరుగుతూంటుంది.

పని మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? మూటలు విప్పి, అమర్చకుండా మిగిలిపోతాయి. 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' అన్న ఆజ్ఞ ఇస్తే, విప్పి వదిలేసిన మూటలన్నిటినీ అమర్చి పని పూర్తి చేస్తుంది.

తాళం జోలికి పోవద్దు

ఒక్కోసారి 'తాళం దొరకలేదు' అన్న సందేశం వస్తుంది. ఇది నిజానికి లోపం కాదు. ఏ మూట ఎక్కడ సర్దామో డీపీకేజీ ఒక ఖాతా రాసుకుంటుంది. ఆ ఖాతాలో ఇద్దరు ఒకేసారి రాస్తే లెక్కలు తారుమారవుతాయి. అందుచేత రాసేవాడు ముందు తాళం పట్టుకోవాలి. మనకు తెలియకుండా కంప్యూటరు తనంతట తాను భద్రతా సవరణలు దించుకుంటున్న సమయంలో మనం మీట నొక్కితే ఈ సందేశం వస్తుంది. కాసేపు ఆగితే చాలు.

'తాళం ఫైలును చెరిపేయండి' అని సలహా ఇచ్చేవారున్నారు. అది ప్రమాదం. ఆ ఫైలు అక్కడ ఉండడమే తాళం కాదు. నడుస్తున్న ప్రోగ్రాము దాన్ని పట్టుకుని ఉండడం తాళం. ప్రోగ్రాము ముగియగానే ఆ పట్టు దానంతటదే వదులుతుంది. ఎవరో పట్టుకుని ఉండగా ఫైలు చెరిపేస్తే, రెండు ప్రోగ్రాములు ఖాతా మీద ఒకేసారి చేయి చేసుకునే అవకాశం కల్పించినట్లే.

ఒక్క వాక్యంతో మాయమైన తెర

సందేశం చదవకపోతే ఏమవుతుందో 2021 నవంబరులో లోకమంతా చూసింది. కెనడాలో కంప్యూటర్ల గురించి వీడియోలు తీసే లైనస్ సెబాస్టియన్ పాప్ ఓయస్ అనే లినక్స్‌లో, ఆటలకు వాడే స్టీమ్ ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయబోయాడు. (లినక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ వేరు, ఈయన వేరు.) దుకాణం కిటికీ ఆ పని చేయలేనని ఆగిపోయింది. ఆయన టెర్మినల్ తెరిచి, ఆప్ట్‌కు నేరుగా ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ రోజుల్లో స్టీమ్ మూటకు కావలసిన తోడు మూటలు మిగిలినవాటితో పొసగలేదు. వాటిని పొసగించాలంటే తెరను నడిపే మూటలనే తీసేయాలని ఆప్ట్ లెక్క తేల్చింది. తీసేసే మూటల పేర్లన్నీ తెరమీద పరిచింది. ఏం చేస్తున్నారో కచ్చితంగా తెలిస్తే తప్ప ఇలా చేయకూడదని హెచ్చరించింది. అయినా కావాలంటే 'అవును, నేను చెప్పినట్లు చెయ్యి' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం టైపు చేయమన్నది. ఆయన టైపు చేశాడు. బొమ్మలు, కిటికీలు, మీటలు అన్నీ పోయి, నల్లని తెరమీద అక్షరాలు మాత్రం మిగిలాయి.

తప్పు ఒక్కరిది కాదు. మూటలు పొసగకుండా గిడ్డంగిలో ఉండడం ఒక తప్పు, హెచ్చరికను పొడవాటి జాబితా కింద పెట్టడం ఒక తప్పు, దాన్ని చదవకుండా ఒప్పుకోవడం మరొక తప్పు. ఆ తర్వాత అదే నెలలో ఆప్ట్‌ను తయారుచేసేవారు దాన్ని సవరించారు. అత్యవసరమైన మూటలను తీసేసే దారిని అది ఇప్పుడు వెతకదు. అయినా యంత్రం ఎంత జాగ్రత్తపడినా చదవవలసింది మనమే. 'సుడో' అని మొదలుపెట్టిన ఆజ్ఞకు మొత్తం కంప్యూటరు మీద అధికారం ఉంటుందని మరచిపోకండి.

వైద్యుడిలా వెతకాలి

కిటికీ చెప్పని వివరాలు టెర్మినల్ చెబుతుంది. అదే ప్రోగ్రామును అక్కడినుంచి ఇన్‌స్టాల్ చేసి చూస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుస్తుంది. ఇంతకుముందు జరిగినదంతా 'వార్' అరలోని 'లాగ్' అరలో, దాని లోపలి 'ఆప్ట్' అరలో దినచర్యలాగా రాసి ఉంటుంది. అందులో చివరి వాక్యం చూసి కంగారుపడకండి. మొట్టమొదటి లోపం ఎక్కడుందో వెతకండి. తర్వాతివి చాలావరకు దాని పిల్లలే.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసినదాన్నీ, దాని ఫలితాన్నీ నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగు మార్పులు కలిపి చేస్తే, బాగుపడినా ఏ మందుకు రోగం తగ్గిందో తెలియదు. ప్రయోగశాలలో మీరు పాటించే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

మీరే చేసి చూడండి

ఉబుంటు ఉన్న కంప్యూటరు దొరికితే, ఉపాధ్యాయుని అనుమతితో టెర్మినల్‌లో 'ఆప్ట్ ఇన్‌స్టాల్ -ఎస్' అని రాసి, ఖాళీ వదిలి, ఒక ప్రోగ్రాము పేరు చేర్చండి. 'ఎస్' అంటే ఉత్తుత్తి అభ్యాసం. కంప్యూటరులో ఏ మార్పూ జరగదు. కొత్తగా వచ్చే మూటలెన్ని? తీసేసేవి ఏమైనా ఉన్నాయా? లెక్కపెట్టి రాయండి.

ఆలోచించండి

1. తేదీ వెనక్కు పోతే కొత్త జాబితా ఎందుకు చెల్లదు?
2. తాళం సందేశం వచ్చినప్పుడు ఆగడం ఎందుకు మంచిది?
3. అభ్యాసంలో తీసేసే మూటల జాబితా పొడవుగా కనిపిస్తే మీరేం చేస్తారు?