మలుపు అడిగే బలం: ఇండియానాపోలిస్ 500 పందెం కథ

నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే బస్సు మీరెప్పుడైనా ఎక్కారా? ఘాట్ రోడ్డు మీద బస్సు కుడికి తిరిగితే మనం ఎడమకు ఒరిగిపోతాం. బస్సు తిరిగినా మన శరీరం జడత్వం వల్ల తిన్నగానే పోవాలని చూస్తుంది. ఏ వస్తువైనా మలుపు తిరగాలంటే దానిని లోపలివైపుకు లాగే బలం ఒకటి ఉండాలి. అదే అభికేంద్ర బలం. ఆ బలాన్ని సమకూర్చడానికి మనిషి ఎన్ని పాట్లు పడ్డాడో ఒక కారు పందెం చరిత్ర చెబుతుంది.

అమెరికాలో ఇండియానాపోలిస్ నగరం దగ్గర 1909లో ఒక పందెపు బాట వేశారు. అది మూలలు గుండ్రంగా చేసిన దీర్ఘచతురస్రంలా ఉంటుంది. ఒక చుట్టు రెండున్నర మైళ్లు, అంటే సుమారు 4 కి.మీ. కంకర, తారుతో వేసిన ఆ బాట ఆగస్టులో జరిగిన మొదటి కారు పందేలకే చెదిరిపోయింది. అయిదుగురు మరణించారు. వారిలో ఇద్దరు చూడవచ్చినవారు. ఆ ఏడాదే బాటంతా 32 లక్షల ఇటుకలు పరిచారు.

1911 మే 30న దాని మీద మొదటి 500 మైళ్ల పందెం జరిగింది. 40 కార్లు, 200 చుట్లు, సుమారు 805 కి.మీ.! మిగిలిన కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్కు కూర్చుని వెనుక వచ్చే కార్లను కనిపెట్టేవాడు. రే హారూన్ మాత్రం ఒంటరిగా, ఎదుట ఒక అద్దం బిగించుకుని నడిపాడు. 6 గంటల 42 నిమిషాల్లో గెలిచాడు. సగటు వేగం గంటకు 120 కి.మీ.

మరి మలుపుల సంగతి? సైకిలు తిప్పేటప్పుడు మీరు లోపలికి ఒరుగుతారు కదా. ఇక్కడ రోడ్డే 9 డిగ్రీలకు కొంచెం పైగా లోపలికి వాలి ఉంటుంది. మలుపు వ్యాసార్ధం సుమారు 256 మీటర్లు. వేగం వర్గాన్ని, వ్యాసార్ధం గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే, కావలసిన వాలు కోణానికి టాంజెంట్ విలువ వస్తుంది. ఈ లెక్కన ఆ వాలు ఒక్కటే మోయగల వేగం గంటకు 72 కి.మీ. మాత్రమే! ఆపైన కావలసిన బలం టైర్ల ఘర్షణ ఇవ్వాలి.

వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగు రెట్లు కావాలి. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. 2021లో హెలియో కాస్ట్రోనెవెస్ సగటున గంటకు 307 కి.మీ. వేగంతో గెలిచాడు. బాట వాలు మాత్రం పాతదే! నేటి కార్లకు తలకిందులు చేసిన విమానపు రెక్కల వంటివి ఉంటాయి. అవి గాలి చేత కారును నేలకు అదిమిస్తాయి. దానితో టైర్ల పట్టు పెరుగుతుంది.

వేగం పెరిగితే ప్రమాదమూ పెరుగుతుంది. 1964లో పెట్రోలు మంటల్లో ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. తరువాత మెథనాలు వాడారు. దాని మంట నీళ్లతో ఆరుతుంది. కాని పగటివేళ కంటికి కనబడదు! 2007 నుంచి ఇథనాలు వచ్చింది. 2002లో మలుపుల వద్ద కాంక్రీటు గోడల ముందు ఉక్కు గొట్టాలు, నురుగు దిమ్మెలు అమర్చారు. గుద్దుకున్న కారు ఆగడానికి పట్టే కాలం పెరిగితే, తగిలే బలం తగ్గుతుంది.

ఇలా చక్రాలు బయటికి కనిపించే పందెపు కార్లు మన తెలుగునేలకూ వచ్చాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్క వీధుల్లో విద్యుత్ కార్ల పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

ఇప్పుడు మీకొక లెక్క. 40 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును ఘర్షణ సాయం లేకుండా గంటకు 36 కి.మీ. వేగంతో తిరగాలంటే రోడ్డు ఎంత వాలి ఉండాలి? 72 కి.మీ. అయితే? మొదటి జవాబు సుమారు 14 డిగ్రీలు, రెండవది 46. అంత ఏటవాలు రోడ్డు మన ఊళ్లలో ఎవరూ వేయరు. వాన పడితే టైర్ల పట్టూ తగ్గుతుంది. అందుకే మలుపు రాకముందే వేగం తగ్గించాలి. మోటారు సైకిలు నడిపే మీ అన్నయ్యకు ఈ లెక్క చేసి చూపించండి.