రేషన్ బియ్యంలో ఆ గింజలు ప్లాస్టిక్ కాదు

రేషన్ బియ్యం చాటలో పోసి చెరిగేటప్పుడు అక్కడక్కడా రంగు కాస్త తేడాగా, నున్నగా ఉండే గింజలు కంటబడ్డాయా? నీళ్ళు పోస్తే వాటిలో కొన్ని పైకి తేలతాయి కూడా. ప్లాస్టిక్ బియ్యం కలిపారని వాటిని ఏరి పారేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. కిలో ప్లాస్టిక్ ధర తెలిసిన వాడెవడూ దాన్ని తెచ్చి బియ్యంలో కలపడు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అవి కూడా బియ్యమే. నూకలను పిండి పట్టించి, అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి, తడిపి, సేమియా తీసినట్టు యంత్రంలో ఒత్తి, గింజ సైజుకు కోసి ఆరబెడతారు. క్వింటాలు మామూలు బియ్యానికి ఈ గింజలు ఒక కిలో కలిపే పద్ధతి పెట్టారు. అలా కలిపిన బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నిబంధన పెట్టారు.

బియ్యంలో బయటి నుంచి కలపాల్సిన అవసరం ఎందుకొచ్చింది? వడ్లను దంపినప్పుడు, మరలో ఆడించినప్పుడు పైపొర తవుడుగా పోతుందని రైతుకు చెప్పనక్కర్లేదు. బియ్యంలోని బి1 విటమిను ఎక్కువ భాగం ఆ తవుడులోనే ఉంటుంది. మర బియ్యం ఎంత తెల్లగా మెరిస్తే విటమిను అంత పోయినట్టు. గొడ్లకు, నూనె మిల్లులకు మంచి సరుకు పంపించి మనం మాత్రం పిప్పి తింటున్నాం.

ఈ సంగతి మొదట బయటపెట్టినవి కోళ్ళు. 1890లలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు పాలిష్ బియ్యం మేసిన కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, పొట్టు తీసినా తవుడు పోని బియ్యం పెడితే మళ్ళీ లేచి తిరగడం గమనించాడు. మనుషులకు అదే జబ్బు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, వాస్తాయి, చివరకు గుండె దెబ్బతింటుంది. తల్లికి బి1 చాలకపోతే పాలు తాగే బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది.

ఇదేదో పరాయి దేశం జబ్బు అనుకోకండి. ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి బాగా ఉండేది. 1920లలో కూనూరు ప్రయోగశాలలో మెకారిసన్ అనే డాక్టరు దీన్ని పరిశోధించాడు. ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాదు తార్నాకకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. పచ్చి బియ్యం మర పట్టించి తినేచోట జబ్బు ఎక్కువ, ఉప్పుడు బియ్యం తినేచోట తక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని విటమిను కొంత గింజలోకి దిగుతుంది. మనం ఉప్పుడు బియ్యం తయారు చేసి కేరళకు పంపుతాం గాని, తినమంటే ముఖం చిట్లిస్తాం.

ఇక ఫిలిప్పీన్స్ దేశం సంగతి మన మిల్లర్లు, అధికారులు తప్పక తెలుసుకోవాలి. అక్కడ బటాన్ అనే ప్రాంతంలో బెరిబెరితో పసిపిల్లలు చాలామంది పోయేవారు. 1948లో అక్కడ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో ఒక భాగానికి విటమిను పట్టించిన గింజలు 200కు 1 చొప్పున కలిపిన బియ్యం అందేలా చేశారు. రెండో భాగాన్ని మామూలు బియ్యంతోనే ఉంచారు. కలిపిన చోట బెరిబెరి చావులు బాగా తగ్గాయి. అది చూసి 1952లో ఆ దేశం చట్టమే చేసింది, మిల్లర్లందరూ విటమిను గింజలు కలపాలని.

చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. ఎందుకంటే మిల్లరు ఎన్ని కిలోల విటమిను గింజలు కొన్నాడో లెక్క తీస్తే, ఎన్ని బస్తాలు ఆడించాడో తెలిసిపోతుంది. పన్ను కట్టాల్సి వస్తుంది. అందుకని మిల్లర్లు కలపనే లేదు, సర్కారు గట్టిగా అడగనూ లేదు. మందు పనిచేసిందని తేలాక కూడా బిడ్డలకు అందకపోవడానికి కారణం లెక్కల పుస్తకం!

మన దేశంలో 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ఈ పథకం ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2024 మార్చి నాటికి రేషన్, మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ బియ్యానికంతా వర్తింపజేశారు. ఇక్కడ సమస్య బెరిబెరి కాదు, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు 57 మందికి రక్తం తక్కువని తేలింది. అందుకే ఇనుము తప్పనిసరి చేశారు. తవుడుతో పోయిన బి1 మాత్రం కలిపితే కలపవచ్చు, లేకపోతే లేదు అన్న జాబితాలో ఉంది. ఇది నాకు అంత సబబుగా తోచదు. బియ్యంలో ఇనుము కలిపినంత మాత్రాన రక్తహీనత ఎంత తగ్గుతుందన్న దాని మీద నిపుణుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. రక్తం తగ్గడానికి నులిపురుగులు, కాన్పు కాన్పుకూ ఎడం లేకపోవడం లాంటి కారణాలూ ఉంటాయి. కాబట్టి ఆకుకూర, పప్పు మానేసి బియ్యం మీద భారం వేయకూడదు.

తలసీమియా, సికిల్ సెల్ జబ్బులున్నవారి కోసం బస్తా మీద హెచ్చరిక రాయాలని 2018లో నిబంధన ఉండేది, 2024లో తీసేశారు. అయినా పదేపదే రక్తం ఎక్కించుకునే బిడ్డ ఇంట్లో ఉంటే, ఆ బిడ్డకు ఈ బియ్యం పెట్టే ముందు డాక్టరును అడిగి తెలుసుకోండి.

వండే పద్ధతి కూడా చూసుకోవాలి. ఆ గింజలను ఏరవద్దు. బియ్యాన్ని ఒకటి రెండుసార్లకు మించి కడగవద్దు, గట్టిగా పిసకవద్దు. ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చి పారబోస్తే నీళ్ళలో కరిగే విటమిన్లు దాంతోపాటే పోతాయి. కొలతకు నీళ్ళు పోసి అత్తెసరు పెట్టండి. వార్చే అలవాటు మానలేకపోతే ఆ గంజిలో ఉప్పేసుకుని తాగండి, లేదా పప్పులో పోయండి. ఇంటి మట్టుకు పట్టించుకునే వడ్లయితే పాలిష్ తక్కువ పెట్టమని మిల్లులో చెప్పండి. తవుడు ఉన్న బియ్యానికి పురుగు తొందరగా పడుతుంది, ముక్క వాసన వస్తుంది. అందుకని పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ఆడించుకోవాలి.