వెల లేని పందెము

వికారాబాదునుండి బీదరుకు పోవు రైలుమార్గముపై, జహీరాబాదుకు సమీపమున, కోహీరు అను ఊరు కలదు. ఒకప్పుడిది హైదరాబాదు సంస్థానమున బీదరు జిల్లాలోనిది. నేడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రము. కోహీరు పేరు చెప్పగానే జామపండు జ్ఞప్తికి వచ్చును. ఈ ఊరి పేరుతోనే ఒక జామరకము కలదు. సంగారెడ్డి ఫల పరిశోధన స్థానమువారు దానిని అలహాబాదు సఫేదాతో సంకరపరచి సఫేద్ జామ్, కోహీర్ సఫేదా అను క్రొత్త రకములను పుట్టించిరి.

జామపండ్లు కొనవచ్చినవాడు గంపముందు కూర్చుండి, పండును చేతనెత్తి, వాసన చూచి, వెల యడిగి, బేరమాడి, అటుపిమ్మటగాని రొక్కము తీయడు. అమ్మువాడు గంపపై గుడ్డ కప్పి, "యాబది రూపాయలిచ్చి లోపల చేయి పెట్టుము, పండు వచ్చినను రావచ్చును, ఆకు వచ్చినను రావచ్చును" అన్నచో నవ్వనివారుండరు. అట్టి బేరమే నేడు ఫోనులలో జరుగుచున్నది. అచ్చట మాత్రము ఎవరును నవ్వుట లేదు.

బొమ్మబండ్ల పందెము అను ఆటను ఎరుగని బాలురు నేడు అరుదు. పెద్ద తలలు, చిన్న కాళ్లు గల ముద్దుబొమ్మలు చిట్టిబండ్లు ఎక్కి పరుగు తీయుచుండును. దారిలో కనబడు పెట్టెను తాకినచో ఒక వస్తువు చేతికి వచ్చును. అరటితొక్కను వెనుకకు విసరినచో దానిపై ఎక్కిన బండి గిరగిర తిరిగిపోవును. క్షిపణి వదలినచో ముందువాడు పల్టీకొట్టును. ఇట్టి ఆటలకు దారి చూపినది జపానులోని క్యోటో నగరమునకు చెందిన నింటెండో సంస్థ 1992లో వెలువరించిన సూపర్ మారియో కార్ట్. ఈ సంస్థ 1889లో ఆటముక్కలు తయారుచేయుటతో పుట్టినదని తెలిసినవారు తక్కువ. 2004లో దక్షిణ కొరియాలోని నెక్సన్ సంస్థ కార్ట్‌రైడర్ అను ఆటను తెచ్చి, ఎవరి యింట వారు కూర్చుండియే ఎనమండుగురు ఒక్క పందెములో పరుగెత్తు వీలు కల్పించినది. అందు నీటిబాంబు పడినచో బండి బుడగలో చిక్కుకొని పైకి లేచును. ఆ దృశ్యము పెద్దలకు సైతము నవ్వు తెప్పించును.

ఇట్టి ఆటలలో ఒక నేర్పు కలదు. ముందున్నవానికి అల్పమైన వస్తువును, వెనుకబడినవానికి బలమైన వస్తువును దొరకునట్లు సాధారణముగా కూర్చెదరు. అందువలన కడపటివాడును క్షణములో ముందుకు రాగలడు. ఇది దయ వంటిది. అయితే, ఓడినవాడు "ఇంకొక్కసారి" అనుకొనునట్లు చేయు ఉపాయమును ఇదియే.

ఆటలో ప్రవేశమునకు వెల లేదు. రాబడి అంతయు లోపలి అంగడినుండియే వచ్చును. ఆటలో గెలిచిన నాణెములు ఒక తీరు. రొక్కమిచ్చి కొను రత్నములు మరొక తీరు. రూపాయలు రత్నములుగా మారిన పిమ్మట వాటి లెక్క మనస్సున నిలువదు. ఆ రత్నములతో కొనునది బండి కాదు, మూసిన పెట్టె. అందు బంగారుబండి ఉండవచ్చును, టోపీ ఉండవచ్చును, ఇదివరకే ఉన్న చక్రములు మరల రావచ్చును.

కోహీరున ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు కలడనుకొనుడు. తండ్రి జామతోటలో కాపు కొని అమ్మువాడు. కాపు రొక్కము ఫోనులోనికే వచ్చును; రహస్యసంఖ్య కొడుకునకు తెలియును. ఒక్కొక్క పెట్టె యాబది రూపాయలనియు, బంగారుబండి వచ్చుటకు అవకాశము నూటికి ఒకటనియు అనుకొనుడు. ఒక సాయంకాలము తండ్రి లెక్క చూచి, రెండువేల రూపాయలు తగ్గినట్లు గ్రహించెను. అతడు కోపపడలేదు.

"ఆ బండి వెల యెంత, బిడ్డా?" అని అడిగెను.

"పెట్టె యాబది రూపాయలు, నాయనా."

"పెట్టె మాట కాదు. బండి యెంత?"

బాలుడు కొంతసేపు ఆలోచించి, "నూరు పెట్టెలకు ఒకటి. అనగా అయిదువేలు" అనెను.

ఈ పొరపాటు పెద్దలును చేయుదురు. ఒక సంచిలో నూరు చీటీలు కలవు. ఒకదానిపై మాత్రమే బండి బొమ్మ ఉన్నది. తీసిన చీటీని మరల సంచిలో వేసి, కలిపి, తిరిగి తీయవలెను. ముందు తీసిన ఖాళీ చీటీలు తరువాతి చీటీకి ఏమియు సాయపడవు. నూరుమంది బాలురు తలకు అరువదితొమ్మిది పెట్టెలు కొన్నచో, 3,450 రూపాయలు చెల్లించిన పిమ్మటను, ఇంచుమించు సగముమందికి బండి రాదు. తలకు నూరు పెట్టెలు, అనగా అయిదువేల రూపాయలైన పిమ్మట ముప్పదియేడుగురు వట్టిచేతులతో నిలుతురు. పదివేలైన పిమ్మటను పదుమువ్వురు మిగులుదురు. కావున ఆ బండికి వెల అనునదే లేదు. తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

తెలుగున పందెమను మాటకు పోటీ అనియు, ఒడ్డు అనియు రెండర్థములు కలవు. ఈ ఆటలో రెండును ఒకే తెరపై ఇమిడియున్నవి. బెల్జియము 2018లో ఇట్టి పెట్టెలను జూదముగా ఎంచినది. మనదేశమున 2025లో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టము డబ్బొడ్డి డబ్బు గెలుచుకొను ఆటలను నిషేధించినది. పెట్టెలోనుండి వచ్చునది డబ్బు కాక బొమ్మబండి యగుటచే ఈ తగవు వేరు. కొరియాలో 2024 మార్చి 22 నుండి పెట్టెలోని ప్రతి వస్తువునకు గల అవకాశమును ప్రకటింపవలెనని చట్టము అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరమే జనవరిలో, మేపుల్‌స్టోరీ అను మరొక ఆటలో అవకాశములను తగ్గించియు ఆడువారికి తెలుపలేదని, అచ్చటి వ్యాపార న్యాయ సంఘము నెక్సన్ సంస్థకు 1,160 కోట్ల వాన్‌లకు పైగా జరిమానా విధించినది. నింటెండోవారు 2019లో తెచ్చిన మారియో కార్ట్ టూర్‌లో కెంపులిచ్చి గొట్టమును పేల్చినచో ఏది పడునో తెలిసెడిది కాదు. 2022లో వారు ఆ గొట్టమును తొలగించి, వస్తువును చూపి, వెల చెప్పి అమ్ముట మొదలిడిరి. గంపపై గుడ్డ తీసినట్లైనది.

గుడ్డ తీసినను ఒక భేదము మిగిలియున్నది. కొన్న జామపండు కొన్నవానిది. బొమ్మబండి అట్లు కాదు. పదునెనిమిదేండ్లకు పైగా నడచిన కార్ట్‌రైడర్ సేవను 2023 మార్చి 31న కొరియాలో ముగించిరి. గెలిచిన బండ్లు, కొన్న బండ్లు, పెట్టెలలోనుండి వచ్చిన బండ్లు అన్నియు సంస్థవారి యంత్రములలోని లెక్కలే. యంత్రములు నిలుపగానే అవియు నిలిచిపోయెను.