సర్వరు నాడి తెలుసుకుందాం

"సర్వర్ డౌన్" అన్న మాట వినని బ్యాంకు కుటుంబం ఉండదు. సూరత్‌లో లింబాయత్ వంటి ప్రాంతాల్లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కార్మికుడు సిరిసిల్లలోని ఇంటికి డబ్బు పంపేటప్పుడు ఆ మాట వినబడితే, అక్కడ ఒక ఫీజో, మందుల ఖర్చో ఆగిపోతుంది. అందుకే సర్వరు పడిపోకముందే దాని నలత కనిపెట్టాలి. ఆ పని చేసే సిబ్బంది ఏయే అంకెలు చూస్తారో తెలుసుకుందాం.

సర్వరు అంటే మన ఫోను అడిగినదానికి జవాబిచ్చే కంప్యూటరు. దాని ఆరోగ్యానికి నాలుగు కొలతలు ముఖ్యమని గూగుల్ ఇంజనీర్లు 2016లో వెలువరించిన పుస్తకంలో చెప్పారు. అవి: జవాబుకు పట్టే సమయం, వచ్చే అభ్యర్థనల సంఖ్య, తప్పుల శాతం, సామర్థ్యంలో ఎంత నిండిపోయింది అన్నది.

సమయం: ఇక్కడ సగటును నమ్మితే మోసపోతాం. 100 మంది అడిగితే 95 మందికి 0.2 సెకనులో, ఐదుగురికి 10 సెకన్లలో జవాబు వచ్చిందనుకోండి. సగటు 0.69 సెకను. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ ఐదుగురు ఫోను పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు. అందుకే సగటుతో పాటు, అందరికంటే ఆలస్యంగా జవాబు అందిన ఆ కొద్దిమందికి ఎంత సమయం పట్టిందో కూడా చూస్తారు.

తప్పులు: సర్వరు ప్రతి జవాబుకూ ఒక సంఖ్య జోడిస్తుంది. 200 అంటే పని జరిగింది. 400 వరుస అంటే అడిగిన తీరులో లోపం, 500 వరుస అంటే సర్వరులోనే లోపం. యూపీఐలోనూ ఇలాంటి విభజనే ఉంది. తప్పు పిన్ను, చాలని నిల్వ వంటివి 'బిజినెస్ డిక్లైన్'. బ్యాంకు వ్యవస్థో, నెట్‌వర్కో మొరాయిస్తే 'టెక్నికల్ డిక్లైన్'. ఎన్‌పీసీఐ ఈ శాతాలను బ్యాంకులవారీగా ప్రచురిస్తుంది. మన పనితీరుకు అద్దం రెండోదే.

నిండుదనం: లైనక్స్ సర్వర్లలో 'లోడ్ యావరేజ్' అని మూడు అంకెలు కనిపిస్తాయి. అవి గత 1, 5, 15 నిమిషాల భారాన్ని చెబుతాయి. ఆ అంకె 4 అయితే మంచిదా, చెడ్డదా? నాలుగు కోర్ల యంత్రమైతే దాదాపు నిండినట్టు, ఎనిమిది కోర్లదైతే సగం ఖాళీ. మూడు అంకెల్లో మొదటిది పెద్దదై, మూడోది చిన్నదైతే భారం ఇప్పుడిప్పుడే పెరుగుతోందన్నమాట.

రద్దీ: అభ్యర్థనలు తగ్గితే సర్వరు హాయిగా ఉందని అనుకోకూడదు. దీపావళి ముందు సూరత్ బట్టల మార్కెట్లు కిటకిటలాడతాయి. పండుగ తర్వాత లాభ పంచమి దాకా చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఆ రోజుల్లో ఇక్కడి దుకాణాల చెల్లింపులు తగ్గడం సహజం. అదే తగ్గుదల పండుగ ముందువారంలో కనిపిస్తే, ఎక్కడో దారి మూసుకుపోయి అభ్యర్థనలు సర్వరు దాకా రావడం లేదేమోనని చూడాలి. మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో నేతగానికి తెలిసినట్టే, సర్వరును చూసేవారికి దాని రోజువారీ లయ తెలిసి ఉండాలి. ఆరోగ్యకరమైన అంకె అంటే ఆ యంత్రానికి, ఆ రోజుకు, ఆ వేళకు తగిన అంకె.

99.9 శాతం సమయం పనిచేసే సర్వరు కూడా నెలకు సుమారు 43 నిమిషాలు ఆగవచ్చు. ఆ నిమిషాలు జీతాల రోజున వస్తే ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. పదేపదే అంతరాయాలు వచ్చిన ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకును, కొత్త డిజిటల్ సేవలు ప్రారంభించవద్దని రిజర్వు బ్యాంకు 2020 డిసెంబరులో ఆదేశించింది.

ఇంట్లోవారికి ఒక మాట. యూపీఐలో డబ్బు మన ఖాతా నుంచి పోయి అవతలివారికి చేరకపోతే కంగారుపడి మళ్లీ పంపకండి. ముందు లావాదేవీ స్థితి చూడండి. 2019 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, వ్యక్తికి పంపిన సొమ్ము ఇలా ఆగితే మరుసటి రోజులోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం చెల్లించాలి. ఈ సంగతి మీ చుట్టుపక్కల వారికీ చెప్పండి.