సర్కారు భూమి అంటే ఖాళీ భూమేనా?



పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు: “సర్కారు భూమి అంటే ఎవరికీ పనికిరాని బీడే కదండీ?” మా చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె కావళ్ల సంగతి చెబితే జవాబు దొరుకుతుంది.

మైసూరు రాజు చిక్క దేవరాజ ఒడెయరు కాలంలో ‘బెణ్ణె చావడి’ పేరుతో రాచపశువుల శాఖ ఏర్పడింది. టిప్పు సుల్తాను దానికి ‘అమృత మహల్’ అని పేరు పెట్టాడు. సైన్యం సామాను లాగే ఎడ్ల జాతి అది. ఆ మందల మేతకు వదిలిన బీళ్లే కావళ్లు. వాటిని ఎండకాలానికి కొన్ని, వానకాలానికి కొన్ని, చలికాలానికి కొన్ని అని విడదీశారు. ఒకచోట మంద మేస్తుంటే మరోచోట గడ్డి కోలుకునేది. మా నాయన కూడా గొర్రెలను ఇదే లెక్కన తిప్పేవాడు, చదువు లేకపోయినా.

తరువాత ఊరి గొర్రెలూ అక్కడే మేశాయి. వాటి ఉన్నితో కంబళ్లు నేశారు. ఆ గడ్డిలోనే కృష్ణజింకలు తిరిగాయి. భూమి ఒకటే, ఉపయోగాలు ఎన్నో చూడండి.

ఇక చట్టం. కర్ణాటక భూ రెవిన్యూ చట్టం (1964) 71వ సెక్షన్ ప్రకారం సర్కారు భూమిని ఉచిత మేతకు, అడవికి, మరే ప్రజావసరానికైనా కేటాయించవచ్చు. 1966 నియమాలలో 97వది వంద పశువులకు 12 హెక్టార్ల మేత భూమి ఉండాలంటుంది. అంటే 400 పశువులున్న ఊరికి 48 హెక్టార్లు. పరీక్షలో ఈ లెక్క అడిగితే తప్పకండి!

2010 ప్రాంతంలో ఈ కావళ్లలో వేల ఎకరాలు డి.ఆర్.డి.ఓ., బార్క్, ఇస్రో, భారతీయ విజ్ఞాన సంస్థలకు కేటాయించారు. విజ్ఞాన సంస్థ వాటా 1,500 ఎకరాలు. మేత పోతుందని కాపరులు నిరసన తెలిపారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2014లో ట్రిబ్యునల్ షరతులతో అనుమతించింది.

పరిశోధన వద్దని నేననను. ఈ ట్రస్టు సాయంతో చదివిన పిల్లవాడు అక్కడ శాస్త్రవేత్త అయితే ముందుగా సంతోషించేది నేనే. అయితే గోడ కట్టాక ఆ భూమికి ఒకే ఉపయోగం మిగులుతుంది. అందుకే గోడ లేవకముందే మేపేవాణ్ణి కూడా కూర్చోబెట్టి అడగాలి.

దసరా సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊరి పహణిలో ‘గోమాళ’ అని ఉన్న సర్వే నంబర్లు రాసుకోండి. తమిళనాడు పిల్లలు మేత పోరంబోకు, మహారాష్ట్రవారు గాయ్‌రాన్, ఒడిశావారు గోచర్ అని వెతకాలి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ చోటికి వెళ్లి, ఇప్పుడక్కడ ఏముందో చూసి రండి.