గడ్డిలో గడ్డి

వినాయక చవితినాటి ఇరవై యొక్క పత్రులలో గరికకు స్థానముంది. అదే గరిక పత్తిచేనిలో మొలిస్తే రైతు వేళ్ళతో సహా పెకలించి గట్టున పారవేస్తాడు. పట్టణంలోని ఉద్యానవనంలో అయితే తోటమాలి నీరుపోసి పెంచుతాడు. కలుపు అనే పేరు మొక్క పుట్టుకను బట్టి రాదు, అది మొలిచిన చోటును బట్టి వస్తుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ గరికకే బెర్ముడా గడ్డి అని పేరు. అది వేడిని కోరే జాతి. వేసవిలో దట్టంగా అల్లుకొని, చలికాలంలో గోధుమవన్నె దాల్చి నిద్రాణస్థితిలో ఉంటుంది. అక్కడి ఇండ్ల ముంగిళ్ళలో, ఆటస్థలాలలో దానిని పచ్చికగా పెంచుతారు. ఆ పచ్చికలోనికి పీత కాళ్ళవలె నేలపై పరచుకొనే క్రాబ్ గ్రాస్, మన రాగికి దగ్గరి చుట్టమైన గూస్ గ్రాస్ చొరబడతాయి. 1945లో అమ్మకానికి వచ్చిన 2,4-డి అనే మందు వెడల్పాటి ఆకుల కలుపును చంపి గడ్డిజాతిని విడిచిపెడుతుంది. ఇక్కడ శత్రువూ గడ్డే, మిత్రుడూ గడ్డే కావడంతో ఆ మందు నిష్ప్రయోజనం. ఒక గడ్డిని చంపి మరొక గడ్డిని కాపాడే వరణాత్మక కలుపునాశకాలు, అనగా మొక్కను ఎంచి చంపే మందులు, అవసరమయ్యాయి.

ఆ ఎంపిక కొన్నిచోట్ల కాలాన్ని బట్టి జరుగుతుంది. మన రైతులకు సుపరిచితమైన పెండిమిథాలిన్ మొలకెత్తుతున్న విత్తనపు వేరులో కణవిభజనను ఆపివేస్తుంది. లోతుగా వేళ్ళూనిన గరికకు దానివల్ల పెద్దగా హాని లేదు. నేల పైపొర వేడి సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే క్రాబ్ గ్రాస్ మొలకెత్తడం మొదలవుతుంది కనుక మందు అంతకుముందే పడాలి. మొలిచిన తరువాత చల్లితే డబ్బు దండుగ.

మరికొన్నిచోట్ల ఎంపిక మొక్క శరీరధర్మాన్ని బట్టి జరుగుతుంది. క్విన్‌క్లోరాక్ సోకిన క్రాబ్ గ్రాస్ కణాలలో సైనైడ్ పేరుకొని మొక్క చనిపోతుంది, గరిక తట్టుకొంటుంది. సెథాక్సిడిమ్ కథ మరింత విచిత్రం. కొవ్వు పదార్థాల తయారీకి అవసరమైన ఒక ఎంజైమును అది గడ్డిజాతులలో అడ్డుకొంటుంది. చైనా నుండి అమెరికాకు వెళ్ళిన సెంటిపీడ్ గడ్డిలో ఆ ఎంజైము నిర్మాణం వేరు కాబట్టి దానికి ప్రమాదం లేదు. సెంటిపీడ్ పచ్చికలో కలుపుగా మొలిచిన గరికను ఈ మందుతోనే అణచివేస్తారు! పచ్చిక ఏ జాతిదో తెలుసుకోకుండా మందు చల్లినవాడు తన పచ్చికనే మాడ్చుకొంటాడు.

ఒకే మందును ఏళ్ళ తరబడి వాడితే మరొక చిక్కు. పెండిమిథాలిన్ వర్గపు మందులకు లొంగని గూస్ గ్రాస్ దక్షిణ కెరొలైనా పత్తి పొలాలలో ఉన్నట్లు 1984లో వెల్లడైంది. కణవిభజనలో పాల్గొనే ట్యూబులిన్ అనే ప్రోటీనులో ఒక్క అమినో ఆమ్లం మారడమే అందుకు కారణమని 1998లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ మార్పు మందు సృష్టించినది కాదు. ఏ కొద్ది మొక్కలలోనో ఉన్నదానికి, మిగిలినవన్నీ చచ్చిపోవడంతో, పొలమంతా ఖాళీగా దొరికింది. మందులు చేసే హాని వేరొకటి. ఆర్సెనిక్ గల ఎం.ఎస్.ఎం.ఎ.ను ఇండ్ల పచ్చికలపై వాడకుండా అమెరికా ప్రభుత్వం 2009లో ఆపివేసింది.

క్రాబ్ గ్రాస్ విత్తనాలకు వెలుతురు తగిలితే మొలకలు ఎక్కువ. అందుచేత పచ్చికను మరీ నేలబారుగా కత్తిరించరు. ఒత్తుగా ఎదిగిన గరిక నీడలో మొలకలు తగ్గుతాయి. అప్పటికీ మిగిలిన నాలుగు మొక్కలను గింజ పట్టకముందే చేతితో పీకివేయడానికి ఏ మందూ అక్కరలేదు.